రెండు నీలములు



నేడు నేను ముచ్చటింపబోవు విషయము మిక్కిలి చిన్నది. ముప్పది యేండ్లు ప్రభుత్వ క్వార్టర్లలో ఇతరులు నిర్ణయించిన రంగుల నడుమ బ్రతికినవాడు తొలిసారి సొంత గోడకు రంగు ఎన్నుకొనబోయి ఎట్లు తడబడెనో చెప్పెదను.

ఢిల్లీలో మేము కొనిన ఫ్లాటున ఉత్తరపు కిటికీ గల గదిని మా తల్లిగారికై ఏర్పరచితిమి. గోడకు నీలము వేయుటలో నాకును నా భార్యకును భేదాభిప్రాయము లేదు. ఏ నీలమన్నదే చిక్కు. ఆమె కోరినది రవంత పచ్చదనము గలది, నేను కోరినది రవంత ఊదా గలది. అమ్మగారి నడుగగా, "రెండూ ఒకటే బూడిద రంగు కదరా! దీనికింత పోట్లాట దేనికి?" అనిరి. మేమిద్దరము నవ్వుకొంటిమి. ఆ నవ్వుకు నేటికిని సిగ్గుపడుచున్నాను.

అంగడివాడిచ్చిన కార్డును నమ్మి రంగు కొనరాదు. కార్డుపై లేతగా నున్నది నాలుగు గోడల నిండ పరచుకొన్నప్పుడు ముదురుగా తోచును. కావున రెండేసి అడుగుల మేర రెండు పూతలు వేయించి, ఆరిన పిదప ఉదయమును, మధ్యాహ్నమును, దీపము వెలిగించిన తరువాతను చూచితిమి. ఉత్తరపు కిటికీనుండి వచ్చునది ఎండ కాదు, ఆకాశపు వెలుగు. అందులోనే నీలము కలదు గనుక పగలు నా రంగు మరీ చల్లబడి దిగులు పుట్టించెను. రాత్రి పసుపువన్నె ఎల్.ఇ.డి. క్రింద నా భార్య రంగు ఆకుపచ్చకు తిరిగెను. ఇరువురమును ఓడితిమి.

ఇంతలో కంటి వైద్యుడు అమ్మగారికి రెండు కన్నుల శుక్లములు ముదిరినవని చెప్పెను. వయస్సుతో కంటిలోని కటకము పసుపుబారి నీలపు వెలుగును చాలవరకు అడ్డగించునట. చిత్రకారుడు క్లాడ్ మోనేకు 1923లో శుక్లము తీసిన పిదప కొంతకాలము నీలము మితిమీరి కనబడినది. మేము బూడిద అని నవ్విన మాట ఆమె కంటికి సత్యమే.

రెండవ కంటి శస్త్రచికిత్స ముగిసి వచ్చిన నాడు ఆమె ఆ మచ్చల యెదుట చాలసేపు నిలిచిరి. "బందరు ఇంట్లో మీ నాన్న ప్రతి సంక్రాంతికీ సున్నంలో నీలిమందు కలిపించేవారు. ఇది ఆ రంగేగానీ, మందెక్కువైంది" అని నా రంగును చూపిరి. (ఆ నీలిమందు అల్ట్రామెరీన్. ప్రష్యన్ నీలమైనచో సున్నపు క్షారమునకు విరిగి చెడియుండును. ఈ రసాయనము తెలియకున్నను మా నాన్నగారు సరియైనదే కొనిరి.)

నా రంగులో మూడు వంతులు తెలుపు కలిపి వేయించితిమి. అది తన రంగే యని నా భార్య నేటికిని వాదించుచున్నది.