పండుగకు అనుమతి, పాఠానికి నిషేధం

(ఏప్రిల్ సాంస్కృతిక కార్యక్రమాల సన్నాహక సమావేశంలో విద్యార్థులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



డప్పు ఎక్కడ పెట్టాలి, ఏ సినిమా వేయాలి, ఎవరిని పిలవాలి అన్న మీ చర్చ ఇంతసేపూ విన్నాను. నేను మనది కాని ఒక అనుభవం చెబుతాను. అమెరికాలో లాటినో విద్యార్థులు తమ వారసత్వ ఉత్సవాలను క్యాంపస్‌లోకి ఎట్లా తెచ్చుకున్నారు, తర్వాత వాటికి ఏమైంది అన్నది. మీలో కొందరు రేపు చదువుకోవడానికి అక్కడికే వెళ్తారు కూడా.

అక్కడ ఏటా సెప్టెంబర్ 15 నుంచి అక్టోబర్ 15 దాకా హిస్పానిక్ వారసత్వ మాసం జరుగుతుంది. నెల మధ్యలో మొదలవడానికి కారణం ఉంది. గ్వాటెమాలా, ఎల్ సాల్వడార్, హోండురాస్, నికరాగ్వా, కోస్టారికాల స్వాతంత్ర్య దినం సెప్టెంబర్ 15. మరునాడు మెక్సికోది. 1968లో లిండన్ జాన్సన్ కాలంలో వారోత్సవంగా మొదలై, 1988లో రేగన్ కాలంలో మాసోత్సవమైంది. ప్రభుత్వం చెప్పే కథ ఇంతవరకే.

అదే 1968 మార్చిలో తూర్పు లాస్ ఏంజెలెస్‌లో వేలమంది మెక్సికన్ అమెరికన్ హైస్కూల్ పిల్లలు తరగతులు వదిలి రోడ్డు మీదికొచ్చారు. బడిలో స్పానిష్ మాట్లాడితే శిక్ష. చరిత్ర పుస్తకంలో తమవాళ్లు లేరు. వీళ్లు కాలేజీకి కాదు, చేతిపనికే పనికొస్తారని బడులే తేల్చేసేవి. పిల్లలకు అండగా నిలిచిన సాల్ కాస్ట్రో అనే టీచరుతో సహా 13 మందిపై కుట్ర కేసు పెట్టారు. మరుసటి ఏడాది విద్యార్థులు, అధ్యాపకులు శాంటా బార్బరాలో కూర్చుని, విశ్వవిద్యాలయాల్లో చికానో అధ్యయనాలు కావాలని ప్రణాళిక రాసుకున్నారు. 'చికానో' అప్పటిదాకా చిన్నచూపుతో వాడిన మాట. దాన్నే తమ పేరుగా పెట్టుకున్నారు. హాస్టల్ నుంచి గెంటేస్తే రోహిత్, అతని సహచరులు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో వేసుకున్న డేరాకు 'వెలివాడ' అని పేరు పెట్టుకోవడం చూసిన మనకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇక కళ సంగతి. 1965 సెప్టెంబర్‌లో కాలిఫోర్నియాలోని డెలానో ద్రాక్షతోటల్లో సమ్మె మొదలైంది. ముందు పని ఆపింది లారీ ఇట్లియాంగ్ వెంట నడిచిన ఫిలిప్పీన్స్ కూలీలు. సీజర్ చావెజ్, డొలోరెస్ హుయెర్తాల సంఘం వారం తర్వాత కలిసింది. (చావెజ్ పేరు లోకమంతా తెలిసింది, ఇట్లియాంగ్ పేరు చాలాకాలం ఎవరూ ఎత్తలేదు.) ఆ సమ్మెలోకి లూయిస్ వాల్డెజ్ అనే యువకుడు వచ్చాడు. వలస కూలీల బిడ్డ, శాన్ హొసేలో చదువుకున్నవాడు. అతను పెట్టిన బృందం ఎల్ తియాత్రో కాంపెసీనో, అంటే పొలం కూలీల నాటకం. లారీ తొట్టే రంగస్థలం, కూలీలే నటులు. ఎవరు ఎవరో తెలియడానికి మెడలో అట్టముక్క: ఒకరు సమ్మెలో ఉన్నవాడు, ఒకరు సమ్మె చెడగొట్టేవాడు, ఒకరు యజమాని. యజమానికి పంది మొహం మాస్కు. నిన్నటిదాకా తోట యజమాని ముందు తలవంచుకున్న మనిషి, ఆ మాస్కు తగిలించుకుని యజమాని నడకా మాటా అనుకరిస్తుంటే చూసేవాళ్లు పగలబడి నవ్వేవారు. లోపల ఇంకా పనిచేస్తున్న కూలీలను బయటికి రప్పించడమే ఆ నాటకం పని. టికెట్ లేదు, ముఖ్య అతిథి లేడు.

మృతుల దినం అనే పండుగనూ ఇట్లాగే చూడాలి. మెక్సికోలో ఇళ్లలో, శ్మశానాల్లో జరుపుకొనేదాన్ని 1970ల తొలినాళ్లలో తూర్పు లాస్ ఏంజెలెస్‌లోని సెల్ఫ్ హెల్ప్ గ్రాఫిక్స్ కళాకారులు వీధిలోకి తెచ్చారు. చనిపోయినవారి ఫొటోలు, కొవ్వొత్తులు, బంతిపూలు. (మన గుమ్మాలకు కట్టే బంతి, మన మిరపకాయ లాగే, ఆ నేల నుంచే వచ్చింది.) సరిహద్దు దాటుతూ ఎడారిలో దాహంతో చచ్చిపోయినవారిని తలుచుకునే వేదికలు కూడా ఈ సంప్రదాయంలోంచే వచ్చాయి. అదే పండుగ ఇప్పుడు చాలాచోట్ల ముఖానికి పుర్రె బొమ్మ, చేతిలో టాకో, వెనక ఫొటో తెర. ఆ తిండినీ రంగులనూ నేను తప్పుపట్టను. అవి మిగిలి, ఎడారి మాయం కావడమే నా అభ్యంతరం.

ఆరిజోనాలో టూసాన్ బడుల్లో మెక్సికన్ అమెరికన్ అధ్యయనాల పాఠాలు చెప్పేవారు. 2010లో రాష్ట్రం చట్టం చేసి, 2012 నాటికి వాటిని మూయించింది. తరగతి గదుల్లోంచి పుస్తకాలు ఎత్తుకుపోయారు. వారసత్వ మాసం మాత్రం జరుగుతూనే ఉంది! ఆ నిషేధం వెనక జాతి వివక్ష ఉందని ఫెడరల్ న్యాయస్థానం తేల్చడానికి 2017 దాకా పట్టింది. ఆడుకోండి, పాడుకోండి, మా చరిత్ర జోలికి మాత్రం రావద్దు అన్నమాట. మన క్యాంపస్‌లలో ఈ మాట వేరే భాషలో విన్నాం.

అయితే లాటినోలను ఒకే ముద్దగా చూడకండి. కులాన్ని ఇంగ్లీషువాళ్లు పిలిచే 'కాస్ట్' అన్న మాట 'కాస్టా' నుంచి వచ్చింది. పోర్చుగీసువాళ్లు మన జాతులకు తగిలించింది ఆ మాటే. స్పెయిన్ వలస పాలకులు మెక్సికోలో తెల్లవారు, మూలవాసులు, ఆఫ్రికన్లు, వాళ్ల మిశ్రమ సంతానం అంటూ మెట్లు కట్టిందీ దాంతోనే. పద్దెనిమిదో శతాబ్దంలో ఆ మెట్లను వరసగా బొమ్మలు గీయించారు కూడా. అందరం కలిసిపోయిన జాతి అని ఆధునిక మెక్సికో గొప్పగా చెప్పుకుంటుంటే, నల్లవారు, మూలవాసులు ఆ కలయికలో తామెక్కడని అడుగుతున్నారు. 1969లో పుట్టిన మెచా అనే విద్యార్థి సంఘంలో 2019లో ఈ ప్రశ్నే లేచి, తమ పేరులోని మాటలనే తీసేయాలని ఓటు వేసుకున్నారు. ఉద్యమం చీలుతుందని పెద్దలు బాధపడ్డారు. నేనైతే ఆ పిల్లల పక్షం.

అక్కడి మన తెలుగువాళ్ల వేదికలు చూడండి. ఉగాది, దీపావళి, కూచిపూడి. అదే భారతీయ సంస్కృతి అని అందరూ నమ్ముతారు. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీల్లో దాదాపు సగం మంది లాటినో విద్యార్థులే. 2021లో అక్కడి విద్యార్థి సంఘం కులవివక్షకు వ్యతిరేకంగా తీర్మానించింది, 2022 జనవరిలో వివక్ష నిషేధ విధానంలో కులం చేరింది. దాన్ని వ్యతిరేకించినవారిలో మన దేశంవాళ్లు ఉన్నారు. పొరుగు గదిలో ఉండే మెక్సికన్ కూలీ బిడ్డకు వెలి అంటే ఏమిటో మీరు చెప్పండి, వాళ్ల తోటల కథ అడగండి. ఆ స్నేహం సాంస్కృతిక సంఘాల చేత కాదు.

ఏప్రిల్ గురించి నా సూచనలు రెండే. కార్యక్రమం అనుమతి కోరే దరఖాస్తుతో పాటు, ఫూలే అంబేడ్కర్ ఆలోచనపై కోర్సు కోరే దరఖాస్తు కూడా అదే రోజు ఇవ్వండి. రెండోది, మీరు వేసిన ఖర్చుల కాగితం చూశాను. షామియానాకు, సౌండుకు, శాలువాలకు అంకెలున్నాయి. డప్పు కళాకారుల పేరెదురుగా ఖాళీ ఉంది. ముందు అది నింపండి.

జై భీమ్.