మూడో సూర్యుడు



బడికి రోజూ నాలుగు కిలోమీటర్లు నడిచినవాణ్ణి, ఇంజనీరునయ్యాక కారు దిగడమే మానేశాను. షుగరు వచ్చాకగానీ కాళ్లున్నాయని గుర్తురాలేదు. నిరుడు నేనూ మా ఆవిడా సెలవు పెట్టి, స్విట్జర్లాండులోని లావో ద్రాక్షతోటల్లో సుమారు 11 కిలోమీటర్లు నడిచాం. కింద జెనీవా సరస్సు. గట్టు పొడుగునా రాతిగోడలు కట్టి, మెట్లుమెట్లుగా వేసిన తోటలు. 2007లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

దారిలో ఒక ఊళ్లో సరస్సు చేపల వేపుడు తిని, షాస్లా ద్రాక్షతో చేసిన తెల్ల వైన్ రుచి చూశాం. మాస్టార్లు వింటున్నారు, పైగా షుగరు. ఒక్క గ్లాసేనని మనవి! ఆ తోటలకు ముగ్గురు సూర్యులంటారు అక్కడివాళ్లు. ఆకాశంలో ఒకరు, సరస్సు నీళ్లలో మెరిసేది ఒకరు, పగటి వేడి దాచుకుని రాత్రి తీగలకిచ్చే రాతిగోడ మూడోవారు.

పొద్దుగూకాక ఆ గోడకు చెయ్యి ఆనించాను. వెచ్చగా ఉంది. వేసవి సాయంత్రం మన బడి గోడను మాచేత తాకించి, సైన్సు మాస్టారు చెప్పిన పాఠం అదే. అప్పుడు మార్కుల కోసం రాశాను. కారులో వెళ్లుంటే ఇప్పుడూ తెలిసేది కాదు.

మాస్టారూ, ఆ పాఠం ఇప్పటికి అర్థమైంది. మిత్రులారా, మోకాళ్లు సహకరిస్తుండగానే నడవండి. సెలవు.