పాత కారునకు నీరా, నీరులేని ద్రవమా?

విజయనగరములోను, శ్రీకాకుళములోను పాత కారులు ఇంకను కొన్ని మిగిలియున్నవి. పద్మిని అని పిలువబడిన ఫియటు కారు తయారీ 2001 నాటికి ఆగిపోయినది. అంబాసిడరు తయారీ 2014లో నిలిచిపోయినది. విడిభాగములు దొరకుట నానాటికి కష్టమగుచున్నది. ఇట్టి కారు గలవారికి సిలిండరు హెడ్డు ఒకసారి వంగినచో కలుగు నష్టము ధనముతో మాత్రమే తీరునది కాదు. కనుకనే ఇంజనును చల్లబరచుటకు నీరు మాని, నీటిచుక్కయైనను లేని ద్రవమును పోయవచ్చునా అను ప్రశ్న వారికి కలుగుచున్నది. ఈ ప్రశ్నను మనము కొంచెము నిదానముగా విచారింతము.

ముందుగా ఆ ద్రవమేమో తెలిసికొనవలెను. అది గ్లైకాల్ జాతి ద్రవములలో తుప్పును అరికట్టు మందులు కలిపి చేసినది. నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగును. ఈ ద్రవము సుమారు 180 డిగ్రీలు దాటిన గాని మరుగదు. మరుగదు గనుక ఆవిరి పుట్టదు. ఆవిరి లేదు గనుక రేడియేటరులో ఒత్తిడి పెరుగదు. పాత హోసుగొట్టములు పగులు భయము తగ్గును. నీరు లేదు గనుక ఇనుము తుప్పు పట్టదు, సున్నపు పెచ్చు కట్టదు. సముద్రపుటొడ్డున ఉప్పుబావుల నీటితో రేడియేటరు పాడైనవారికి ఈ చివరి గుణము మిక్కిలి ఆశ గొల్పును. ఈ గుణములన్నియు నిజమైనవే.

అయితే మరుగకపోవుట వేరు, వేడిని మోసికొనిపోవుట వేరు. ఇంజనులోని ద్రవము చేయవలసిన పని రెండవది. వేడిని మోయు శక్తి నీటికి పది పాళ్లనుకొన్నచో, అంతే బరువు గల గ్లైకాల్‌కు సుమారు ఆరు పాళ్లే. పైగా అది నీటికన్న చిక్కనిది. పాత కారు పంపు దానిని అంత వేగముగా త్రిప్పలేదు. అందుచేత రేడియేటరును, ఫానును మార్చక ద్రవమును మాత్రమే మార్చినచో ఇంజను లోహము మునుపటికన్న వేడిగానే నడచును. నూనె పలుచనగును, ఎత్తు ఎక్కునప్పుడు నాకింగు హెచ్చును.

ఇది క్రొత్తగా పుట్టిన వివాదము కాదు. రెండవ ప్రపంచ యుద్ధారంభమున బ్రిటిషు యుద్ధ విమానములకు అమర్చిన రోల్స్‌రాయిస్ మెర్లిన్ ఇంజనులలో మొదట నూటికి నూరు పాళ్లు గ్లైకాల్‌నే వాడిరి. తరువాత మెర్లిన్ 12వ రకమునుండి 70 పాళ్లు నీరు, 30 పాళ్లు గ్లైకాల్ కలిపి వాడసాగిరి. దానివలన ఇంజను ఆయువు పెరిగినది. గ్లైకాల్ అంటుకొను అగ్నిభయము తొలగినది. ప్రాణములను ఆ ఇంజనులకు అప్పగించినవారే నీటిని మరల పిలిచిరని మనము గమనింపదగును.

ఇక మన ప్రాంతపు మార్గములను చూతము. విజయనగరమునుండి కోరాపుట్ పోవు దారి సాలూరు దాటిన పిదప కొండ నెక్కును. సాలూరు 2022 నుండి పార్వతీపురము మన్యము జిల్లాలో చేరినను, లారీల ఊరుగా దానికి గల పేరు పాతదే. కోరాపుట్ సముద్రమట్టమునకు సుమారు 870 మీటర్ల ఎత్తున నున్నది. అంత ఎత్తున మూతలేని పాత్రలో నీరు సుమారు 97 డిగ్రీలకే మరుగును. వైశాఖమాసపు మధ్యాహ్నము, నలుగురు మనుష్యులతో, రెండవ గేరులో, లారీ వెనుక నెమ్మదిగా ఎక్కు పాత కారునకు ఇది పరీక్షయే.

ఈ పరీక్షలో నీరు మరుగుట ఒక కష్టము. అదే ఒక హెచ్చరిక. బానెట్టు క్రిందనుండి ఆవిరి లేచినప్పుడు ఎంతటి తొందర గలవాడైనను కారు ఆపును. నీరులేని ద్రవము ఆ హెచ్చరిక నీయదు. లోహము మితిమీరి వేడెక్కుచున్నను పైకి అంతయు ప్రశాంతముగా నుండును. వేడిని చూపు ముల్లు కలదు గదా యందురేమో. పాత కారులలో ఎన్నిటి ముల్లు నిజము చెప్పుచున్నదో యజమానులే ఎరుగుదురు.

మరియొక ఇబ్బంది కలదు. ఆ ద్రవములో నూటికి మూడు పాళ్లకు మించి నీరు కలియరాదని తయారుచేయువారే చెప్పుదురు. ఘాటు నడుమ హోసు చీలి ద్రవము కారిపోయినచో, ఏటినీరు గాని, ఊరిబావి నీరు గాని పోసికొని ఇల్లు చేరవచ్చును. కాని ఖరీదైన ఆ ద్రవము గుణము అంతటితో పోయినట్లే. మిగిలినది పారబోసి, ఇంజనును మరల ఆరబెట్టి, మొదటినుండి ప్రారంభింపవలెను. కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినదను సామెత ఇచ్చట గుర్తునకు వచ్చును.

మరి ఆ ద్రవము ఎవరికిని పనికిరాదా? అట్లు అనరాదు. ఏబది ఏండ్లు దాటిన వాహనములను వింటేజి వాహనములుగా నమోదు చేయు నిబంధనలు 2021లో వచ్చినవి. అట్లు నమోదైన కారును నిత్యము రోడ్డుపై నడుపరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు మాత్రమే తీయవలెను. ఏడాదిలో అధిక కాలము షెడ్డులో నిలిచియుండు అట్టి కారునకు వేడికన్న తుప్పే పెద్ద శత్రువు. దానికి నీరులేని ద్రవము మేలు చేయవచ్చును. నడచు కారునకు, ముఖ్యముగా కొండ నెక్కు కారునకు, మా సలహా వేరు.

మొదట వేడికి కారణము వెదకవలెను. రేడియేటరును విప్పించి గొట్టములలోని పెచ్చు తీయించవలెను. ఇంజను బ్లాకు అడుగున పేరుకొన్న తుప్పు మడ్డిని కడిగించవలెను. ఫాను బెల్టు, పంపు, థర్మోస్టాటు, రేడియేటరు మూత పరీక్షింపవలెను. చదరపు అంగుళమునకు 7 పౌండ్ల ఒత్తిడిని నిలుపు మూత సరిగా పనిచేసినచో సముద్రతీరమున నీరు సుమారు 111 డిగ్రీల వరకు మరుగదు. అయితే ఆ కారునకు తయారీదారు నిర్ణయించిన మూతనే వాడవలెను.

తరువాత, బావినీరు మాని, బాటరీలో పోయు శుద్ధజలమును వాడవలెను. రాగికి, ఇత్తడికి, సీసపు అతుకులకు సరిపడు కూలెంటును అందులో కలిపి, రెండేండ్లకొకసారి మార్చవలెను. అది విషము; రుచికి తియ్యనగుటచే పిల్లలకు, కుక్కలకు ప్రమాదము. కనుక తీసిన ద్రవమును పెరటిలో పారబోయరాదు. దారిలో ఆవిరి లేచినచో వెంటనే మూత తీయరాదు. ఇంజను చల్లారిన పిదప, దానిని నడుపుచు, కొద్దికొద్దిగా నీరు పోయవలెను. కాలుచున్న ఇనుముపై చన్నీరు పడినచో బ్లాకు పగులును.

పూర్వము ఘాటెక్కు బండివారు కొండ మొదటనే ఎడ్లను విప్పి, నీరు పట్టి, కొంతసేపు నిలిపి, అటుపిమ్మట కదలెడివారు. పాత కారునకును అదే మర్యాద చెల్లును. దాని గొట్టములు శుభ్రముగా నుండి, నడుపువానికి ఓపిక యున్నచో, నీటిని మించిన ద్రవమును కొనవలసిన అవసరము కలుగదు.