బుర్రవీణ తీగ వెంట

పాలమూరు వాద్యం అనగానే చాలామందికి దర్శనం మొగులయ్య గారి పన్నెండు మెట్ల కిన్నెర గుర్తుకొస్తుంది. రావాలి కూడా. 2022లో పద్మశ్రీ వరించిన ఆ కిన్నెర మీద జానపద వీరుడు పండుగ సాయన్న కథ వింటే ఒళ్లు పులకరిస్తుంది. నేను ఈరోజు చెప్పేది మనసును కుదుటపరిచే మరో వాద్యం గురించి. అది నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన దాసరి కొండప్ప గారి బుర్రవీణ.

2024లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించినప్పుడు పాట వెతికి, రాత్రి లైటు తీసేసి విన్నాను. వెదురు కర్ర, సొరకాయ బుర్రలు, లోహపు తీగలు. అంతే సరంజామా. ఉత్త తీగ సన్నగా పలుకుతుంది. బుర్రలోని బోలుతనమే దానికి నిండుదనం ఇస్తుంది.

తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు పాడతారాయన. చరణం ముగించి ఊపిరి తీసుకునే చోటు ఉంటుంది చూడండి, నాకు ప్రాణం అక్కడే. గొంతు ఆగుతుంది, తీగ ఆగదు. అదే నడక, మళ్లీ అదే నడక. తర్వాతి మీటు ఎప్పుడు పడుతుందో చెవికి ముందే తెలిసిపోతుంది. తెలిసిన చప్పుడుకు చెవి కాపలా కాయదు. మన ఊపిరి కూడా మెల్లగా నిదానిస్తుంది. మా నల్లగొండ వైపు రాత్రి భజనల్లో తంబుర మీద తత్వం సాగుతుంటే పిల్లలు తల్లుల ఒళ్లోనే నిద్రపోతారు. పక్కనే పెద్దవాళ్లు ఒక్క మాట జారనివ్వకుండా వింటుంటారు.

ఇలాంటి నెమ్మది కోసమే ఈమధ్య ఇయర్‌ఫోన్లలో ఎడమ చెవికి 200, కుడి చెవికి 210 హెర్ట్జ్ స్వరాలు వినిపిస్తున్నారు. ఆ తేడా సెకనుకు 10 అదుర్లుగా మెదడుకు తోస్తుంది. నిద్రకు, ఏకాగ్రతకు మంచిదంటారు కానీ పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పడం లేదు. వినేవారు వినండి. నాకైతే మీటే వేలు కావాలి. ఒక మీటు గట్టిగా, ఒకటి మెత్తగా పడాలి.

కాస్త కోప్పడతాను, ఏమనుకోకండి. ఫోనులో అర నిమిషం విని, ‘ఒకటే వాయిస్తున్నాడు’ అని పక్కకు తోసేస్తారేమండీ? ఒకటే వాయించడమే అక్కడ విద్య! మొదటిసారి మాటలు వినండి. రెండోసారి తీగ మీదే ధ్యాస పెట్టండి. నిద్ర కోసమైతే సౌండు బాగా తగ్గించి, అర్థాల వెంట పడకుండా వినండి. ఫోను చిన్న స్పీకరులో బుర్రల మంద్రం సరిగా రాదు. వీలుంటే ఎక్కడైనా ఆ వీణ ముందు కూర్చునే వినండి.