కొండలమీద డ్రోను: ఎత్తును ఎచ్చటినుండి కొలువవలెను?



పూర్వము పెండ్లి ఊరేగింపునకు మేళతాళములున్న చాలును. నేడు తుమ్మెదవలె రొదచేయుచు తలలమీద తిరిగి ఛాయాచిత్రములు తీయు డ్రోను కూడ వచ్చుచున్నది. చేలమీద పురుగుమందు చల్లుటకును దీనిని వాడుచున్నారు. 2021 సెప్టెంబరు 11వ తేదీన వికారాబాదులో టీకాలను, ఔషధములను దీనిద్వారా పంపు ప్రయత్నము ప్రారంభమైనది. మన పిల్లలు దీనిని కొండలమీదికిని గొనిపోవుచున్నారు. అచ్చట ఎత్తును కొలుచు విధము తెలియనివాడు, తప్పు చేయుచున్నానని యెఱుగకయే తప్పు చేయును. ఆ సంగతినే నేడు మనవి చేసెదను.

భారత ప్రభుత్వము 2021 ఆగస్టులో డ్రోను నియమములను ప్రకటించినది. అందు ఆకాశము పచ్చ, పసుపు, ఎఱుపు మండలములుగా విభజింపబడినది. పచ్చ మండలమున 400 అడుగులు, అనగా 120 మీటర్లవరకు, ముందుగా అనుమతి పొందకయే ఎగురవేయవచ్చును. అది ఆరేడు తాడిచెట్లను ఒకదానిపై నొకటి నిలిపినంత ఎత్తు. విమానాశ్రయపు సరిహద్దునకు 8 మొదలు 12 కిలోమీటర్ల నడుమ 200 అడుగులు మాత్రమే. ఎఱుపు మండలమున కేంద్రప్రభుత్వపు అనుమతి లేనిదే ఎగురవేయరాదు.

ఈ 400 అడుగులకు కారణ మేమి? మనుష్యులను మోయు విమానములు, లేచునపుడును దిగునపుడును తప్ప, సామాన్యముగా 500 అడుగులకు దిగువగా పోరాదు. నడుమనున్న నూఱడుగులు రెండు చేలనడిమి గట్టువంటివి.

ఈ ఎత్తును ఎచ్చటినుండి కొలువవలెను? సముద్రమట్టమునుండి కాదు. అట్లైనచో సముద్రమునకు సుమారు 900 మీటర్ల ఎత్తుననున్న అరకులోయలో, నేలమీద కదలకయున్న డ్రోనే హద్దు మీఱినదగును. మనము నిలిచిన చోటినుండియు కాదు. డ్రోను ఏ క్షణమున ఎచ్చట నున్నదో, అచ్చట దాని క్రిందనున్న నేలనుండి కొలువవలెను. ఆల్ప్సు పర్వతములుగల ఐరోపాలో 2019వ సంవత్సరపు నియమము దీనిని మఱింత విప్పి చెప్పినది: భూమియొక్క మిక్కిలి దగ్గఱి తావునుండి 120 మీటర్లు మించరాదు, మైదానము, గుట్ట, పర్వతము అను భేదమునుబట్టి కొలత మారవలెను.

చిక్కంతయు యంత్రమునందున్నది. పెక్కు డ్రోనులు గాలి యొత్తిడినిబట్టి ఎత్తును గణించి, తాము లేచిన చోటును సున్నగా నెంచును. 300 మీటర్ల కొండకొమ్మునుండి ఒక యువకుడు డ్రోనును 50 మీటర్లు లేపి, తిన్నగా లోయమీదికి పోనిచ్చెననుకొనుడు. అతని చేతిలోని తెర 50 అనియే చూపును. లోయలోని నేలకు మాత్రము అది 350 మీటర్ల ఎత్తుననుండును. చెఱువులో తెప్పమీద పోవువానికి గట్టుదగ్గఱ మోకాలిలోతు, నడుమ రెండు నిలువుల లోతు. తెప్ప పైకి లేవలేదు, క్రిందినేల దిగిపోయినది. ఇదియు నంతే.

దీనికి మాఱుగా, కొండపాదమున 100 మీటర్లు లేపి, 150 మీటర్ల గుట్టవైపు నడపినచో, తెరమీద అంకె మారకయే యంత్రము గుట్టను తాకి ముక్కలగును.

యంత్రము పగిలిన మఱియొకటి కొనవచ్చును. కాని వరదలలోను, ప్రమాదములలోను మనుష్యులను కాపాడవచ్చు హెలికాప్టరులు లోయలవెంటనే, తక్కువ ఎత్తున, పోవలసివచ్చును. ఆ త్రోవలో మన వినోదపు యంత్రము అడ్డుపడినచో, పోవునవి ప్రాణములు. మనుష్యులున్న విమానమునకు డ్రోను దారి యీయవలెనని మన నియమములును విధించుచున్నవి.

కావున పెద్దలు పిల్లలకు ఈ మాటలు చెప్పవలెను: ముందు ప్రభుత్వపు పటములో ఆ తావు ఏ మండలమో చూడుము. నేల లేచినచోట నీవును లేపుము. నేల దిగినచోట నీవును దింపుము. యంత్రమును కంటికి కనబడునంత దూరముననే యుంచుము. హెలికాప్టరు చప్పుడు వినబడినతోడనే క్రిందికి దింపుము.

డ్రోను నడుపుట మీకు తెలియకపోవచ్చును. మీ కొండల ఎత్తుపల్లములు మీకు తెలిసినట్లు ఏ తెరకును తెలియవు. కుఱ్ఱవాడు తెరవంక చూచుచున్నపుడు ఒక్క ప్రశ్న వేయుడు: “నాయనా, దానిక్రింద నేల యెంత దూరమున నున్నది?” అతడు తెర విడిచి లోయవంక చూచినచో, మీ ప్రశ్న ఫలించినట్లే.