సార్జెంటు స్ట్రైకరు

1949లో అమెరికాలో వెలువడిన ‘సాండ్స్ ఆఫ్ ఇవో జిమా’ యను చలనచిత్రమున జాన్ వేన్ స్ట్రైకరను సార్జెంటు పాత్రను ధరించెను. ఓడల నుండి తీరమున దిగి పోరాడు మెరైను దళములోని యువకులకు శిక్షణ మిచ్చుట యాతని పని. బాయొనెట్టు పట్టి అడుగులు తడబడు నొకనికి సంగీతము పెట్టి, నృత్యము చేయించి నేర్పును. అయినను పలువు రాతనిని ద్వేషింతురు. కుఱ్ఱవాండ్రకు పని నేర్పిన పెద్దల కిది క్రొత్త గాదు.

1943 నవంబరున పసిఫిక్ సముద్రములోని తరావా ద్వీపమున జరిగిన యుద్ధమును చూపు ఘట్టము మఱవరానిది. రాత్రివేళ, గాయపడిన తన సైనికుడే స్ట్రైకరును పేరు పెట్టి పిలుచుచుండును. కదలినచో దళమున్న చోటు శత్రువునకు తెలియును. పోవనెంచిన వానిని కాల్చెదనని బెదిరించి, ఆ కేకలు వినుచు తానును కదలకుండును. దీనిని క్రూరత్వ మనుట తేలిక, నే ననజాలను.

ఇవో జిమాలో నాతడు తూటా తగిలి మరణించును. కుమారునకు వ్రాసిన లేఖ యాతని యొద్ద దొరకును. అది సగములో నాగియున్నది.