తల్లిదండ్రుల తృప్తికి కొలత

జ్వరమును కొలుచుటకు థర్మామీటరు కలదు. రక్తములోని ప్రాణవాయువును కొలుచుటకు వేలికి తగిలించు చిన్న సాధనము కలదు. ఆసుపత్రిలోని తీవ్రచికిత్సా విభాగమున, జనులు ఐ.సి.యు. అని పిలుచు ఆ గదిలో, బిడ్డ నాడిని, ఊపిరిని, మూత్రమును గంటగంటకు కొలిచి కాగితముపై వ్రాయుచుందురు. తలుపునకు ఈవల, బల్లమీదనో నేలమీదనో కూర్చున్న తల్లిదండ్రుల సంగతి ఏమి? వారి విషయమున ఆసుపత్రి తన పనిని సరిగా చేసినదో లేదో తెలిసికొనుటకు కొలత ఏదైన ఉన్నదా?

ఉన్నది. కాని అది థర్మామీటరు వంటిది కాదు. అడుగువారిని బట్టి, అడిగిన భాషను బట్టి, అడిగిన వేళను బట్టి దానిలోని పాదరసము ఎక్కుచు దిగుచు ఉండును. హైదరాబాదు పాతబస్తీకి దక్షిణపు కొసన, చాంద్రాయణగుట్ట ప్రక్కనున్న బార్కస్ పేటను దృష్టిలో ఉంచుకొని ఈ సంగతిని నేడు ముచ్చటింతము.

బార్కస్ అను పేరు ఇంగ్లీషు బారెక్సు అను మాటకు మన నగరము ఇచ్చిన రూపము. నిజాము ప్రభువుల సైన్యములో కొలువు చేయుటకు యెమెను దేశపు హద్రమౌత్ ప్రాంతమునుండి వచ్చిన అరబ్బులకు ఇచట బసలు ఏర్పడినవి. వారిని చావుష్‌లని పిలుచుట నగరమున వాడుక. 1948లో కొలువు ముగిసినది, ఇండ్లు నిలిచినవి. జామతోటల పేరు నిలిచినది. 1970వ దశకము తరువాత ఇచటి పురుషులు అనేకులు చమురు దేశములకు పనికై పోయిరి. ఇంటిలో దక్కనీ ఉర్దూ, పెద్దల నోట అక్కడక్కడ అరబ్బీ, బజారులో అవసరమునకు తెలుగు: ఇది పేట భాషాచిత్రము. ఈ వివరములు కాలక్షేపమునకు చెప్పుట లేదు. తృప్తిని కొలుచు కాగితము ఈ ఇండ్లకు వచ్చినప్పుడు ఇవన్నియు అడ్డు తగులును.

ఇట్టి పేటలలో పసిబిడ్డకు జబ్బు ముదిరినచో జనులు తలచుకొను ఆసుపత్రులలో రెడ్ హిల్సులోని నీలోఫర్ ఆసుపత్రి ఒకటి. ఏడవ నిజాము రెండవ కోడలగు నీలోఫర్ యువరాణి, తన పరిచారిక ప్రసవవేళ మరణించుటచే కలత చెంది, స్త్రీలకును శిశువులకును ప్రత్యేకముగ ఒక వైద్యశాల ఉండవలెనని కోరినదని చెప్పుదురు. అది 1953లో వెలసినది. అప్పటికి బిడ్డల తీవ్రచికిత్స అను శాఖ ప్రపంచమున ఇంకను రూపము కట్టలేదు. స్వీడను దేశమున గోథెన్‌బర్గు నగరపు పిల్లల ఆసుపత్రిలో 1955లో అట్టి విభాగమొకటి ఏర్పడినది. మొదటివానిలో దానిని చెప్పుట పరిపాటి.

ఆ రోజులలో పాశ్చాత్య దేశముల ఆసుపత్రులలో బిడ్డను చూచుటకు తల్లికి అనుమతించు వేళలు మిక్కిలి తక్కువ. తల్లి వచ్చిపోయినచో బిడ్డ ఏడ్చును, కనుక తల్లి రాకుండుటయే మేలని వాదము! రెండేండ్ల పిల్ల ఆసుపత్రిలో తల్లికై ఎట్లు కుమిలిపోయినదో చూపుచు 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ లండనులో ఒక చలనచిత్రము తీసెను. 1959లో బ్రిటనులోని ప్లాట్ సంఘము, తల్లిదండ్రులు బిడ్డలను చూచుటకు అడ్డు ఉండరాదని సిఫారసు చేసెను. తల్లి ఆసుపత్రికి అడ్డము కాదు, చికిత్సలో భాగస్వామి అను భావము అట్లు బలపడినది. మన దేశమున కేంద్ర ఆరోగ్యశాఖ నవజాత శిశువుల సంరక్షణలో కుటుంబమును పాల్గొననిచ్చుటకు 2017లో మార్గదర్శకములు వెలువరించినది.

తల్లి భాగస్వామి అయినప్పుడు ఆమె అభిప్రాయమును అడుగవలెను గదా. నెదర్లాండ్సులో నర్సు వృత్తినుండి పరిశోధకుడైన జోస్ లాటూర్, ఆయన సహచరులు కలసి ‘ఎంపథిక్’ అను ప్రశ్నావళిని నిర్మించిరి. అందు 65 వాక్యములు కలవు. సమాచారము, చికిత్స, ఏర్పాట్లు, తల్లిదండ్రుల భాగస్వామ్యము, సిబ్బంది ప్రవర్తన అని అయిదు భాగములు. ఒక్కొక్క వాక్యమునకు ‘ఎంతమాత్రము కాదు’ మొదలు ‘నిశ్చయముగ అవును’ వరకు 1 నుండి 6 లోపల ఒక అంకె ఇవ్వవలెను. తరువాత దానిని 30 వాక్యములకు కుదించిరి. ఇందు మాకు నచ్చిన విషయ మొకటి కలదు. ఏది ముఖ్యము అని వైద్యులను, నర్సులను మాత్రమే గాక తల్లిదండ్రులను గూడ ముందుగా అడిగిరి. ఇరువురి తూకములు అన్నిచోట్ల ఒకటి కాలేదు.

ఈ కాగితమును బార్కస్‌కు తెత్తుము. బిడ్డ బ్రతికి ఇంటికి వచ్చెను. ‘ఆసుపత్రిలో అంతయు బాగుగ ఉండెనా?’ అని అడిగితిమి. తల్లి ‘అల్‌హందులిల్లా’ అనును. ప్రక్క వీధిలోని తెలుగు తల్లిని అడిగినచో ‘దేవుని దయవల్ల బాగానే ఉన్నాడు’ అనును. ఈ మాటలు రెండును దేవునికి చెల్లించిన కృతజ్ఞతలు. ఆసుపత్రికి ఇచ్చిన మార్కులు కావు. వానిని 6 అని వ్రాసికొన్నచో ఆసుపత్రి తనది కాని సొమ్మును తన ఖాతాలో వేసికొన్నట్లే. పైగా, రేపు మరల అదే తలుపు తట్టవలసినవారు నేడు నిష్ఠూరమాడుదురా?

కావున ‘తృప్తియేనా’ అను ప్రశ్నను మేము మెచ్చము. జరిగిన సంగతి అడుగవలెను. బిడ్డ ముక్కునకు గొట్టము పెట్టకముందు అది ఎందులకో మీకు చెప్పిరా? డాక్టరుతో మాటలాడుటకు ఎంతసేపు కాచితిరి? బిడ్డ చేయి పట్టుకొనవచ్చునని ఎవరైన మీతో అనిరా? రాత్రి మీరు ఎక్కడ పరుంటిరి? ఇట్టి ప్రశ్నలకు మర్యాద అడ్డు రాదు. తల్లి జ్ఞాపకము ఉన్నది ఉన్నట్లు చెప్పును.

భాష సంగతి. నిఘంటువు చూచి ‘ముత్‌మయిన్’ అని ఉర్దూలో అచ్చొత్తించినచో బార్కస్ ఇల్లాలికి అది కచేరీ మాటవలె వినవచ్చును. ఆమె నోటి మాట ‘తసల్లీ’. అందులో తృప్తియు కలదు, ఊరటయు కలదు. చికిత్సలో తృప్తి లేకున్నను ఒక నర్సమ్మ చెప్పిన మంచిమాటవలన ఊరట కలుగవచ్చును. కాగితము వీనిని విడదీయలేకున్నచో అంకె తప్పును. ఒకరు తెలుగుచేసి, వేరొకరు దానిని మూలమునకు మరల త్రిప్పి సరిచూచుట పరిశోధకుల పద్ధతి. మంచిదే. ఆపైని పేటలోని నలుగురు స్త్రీలకు చదివి వినిపించుట ఇంకను మంచిది.

‘తల్లిదండ్రులు’ అనగా ఎవరు? ఇది మాకు అన్నిటికంటె చిక్కైన ప్రశ్నగా తోచుచున్నది. తండ్రి జెద్దాలోనో దుబాయిలోనో ఉండును. తల్లికి ఇంట ఇంకొక చంటిబిడ్డ ఉండవచ్చును. ఐ.సి.యు. తలుపు దగ్గర రాత్రులు గడపినది నానీ, సంతకము పెట్టినది చాచా. కేంద్రప్రభుత్వము 2016లో ప్రారంభించిన ‘మేరా అస్పతాల్’ ఏర్పాటులో రోగులను ఫోనుద్వారా అభిప్రాయము అడుగుదురు. ఆసుపత్రి చీటీపై వ్రాయించిన నంబరు చాచాది అయినచో జవాబు చెప్పునది చాచాయే. నానీ చూచినది ఎవరికిని తెలియదు. కాగితముపై మొదటి గడి ‘బిడ్డ దగ్గర ఎక్కువసేపు ఎవరుండిరి’ అని ఉండవలెనని మా సూచన.

ఇక అంకెల లెక్క. పదిమందిలో తొమ్మండుగురు 6 ఇచ్చి ఒకరు 1 ఇచ్చినచో సగటు అయిదున్నర. అధికారులు ఆ సగటును చూచి సంతోషింతురు. ఆ ఒక్కరు ఎవరు? తెలుగు రాక, ఏమి జరుగుచున్నదో అర్థము గాక కూర్చున్న తల్లి కావచ్చును. తృప్తి విచారణలలో అంకెలు ఎప్పుడును పైకొననే గుమిగూడుట అందరెరిగినదే. కనుక సగటును గాక, తక్కువ అంకె వేసినవారిని, వారు ఏ ప్రశ్నకు వేసిరో దానిని చదువవలెను.

అడుగకుండ విడిచిపెట్టినవారు కూడ కలరు. ఇట్టి విచారణలలో పెక్కింటియందు బిడ్డను పోగొట్టుకొన్న తల్లిదండ్రులను చేర్చరు. వారి దుఃఖమును కెలకరాదను దయ అందు లేకపోలేదు. కాని కడపటి గంటలో బిడ్డను ఒడిలోనికి ఇచ్చిరా, సంగతిని నిలువుకాళ్ళమీద చెప్పిరా కూర్చుండబెట్టి చెప్పిరా అనునది వారికి తప్ప అన్యులకు తెలియదు. వారికి అచ్చుకాగితము పంపుట తగదు. కొన్ని వారములు గడచిన పిమ్మట, వారి భాష తెలిసిన స్త్రీ ఒకతె, ఆసుపత్రి దుస్తులు లేకుండ, ముందుగా కబురంపి ఇంటికి పోవలెను. వారు వలదన్నచో మరలి రావలెను. మాటలాడుదుమన్నచో గడియారము చూడక వినవలెను. కలమును తీయుటకు ముందు వారి అనుమతి అడుగవలెను. ఆమె వ్రాసి తెచ్చినది 1 నుండి 6 లోపల ఇమడదు. దానిని విభాగపు పెద్దడాక్టరు, రాత్రి పాళీ నర్సులు కలసి కూర్చుండి, వాక్యము వాక్యముగ చదివికొనవలెను.